బోల్టు ‘బిగుసుకుపోయిందా’, ‘పట్టేసిందా’?

తప్పొప్పులు:
సైకిల్ మరమ్మతు గురించిన అనువాదం ఒకటి సరిచూస్తున్నాను. పెడల్ క్రాంకును, అంటే పెడల్ తగిలించే కడ్డీని, ఇరుసుకు బిగించే బోల్టు ఎంతకీ ఊడకపోతే ఏం చేయాలో చెప్పే చోట ‘స్తంభించిన బోల్టు’ అని ఉంది. చెవికి ఇంపుగా లేదు. ‘బిగుసుకుపోయిన’ అంటే సరిపోతుందా, ‘పట్టేసిన’ అనాలా?

ధాతువు:
స్తంభించాలంటే అంతకుముందు కదులుతూ ఉండాలి కదండీ. రాకపోకలు స్తంభిస్తాయి. బోల్టు పనే కదలకుండా ఉండటం! మిగతా రెండూ కూడా ఒకటి కావు. బిగించడం మనం చేసేది, బిగుసుకోవడం దానంతటది జరిగేది. దానికి ‘పోవు’ చేరిందంటే సంగతి చెయ్యి దాటిందని. ‘పట్టు’లో మాత్రం ఇంకొకటేదో వచ్చి పట్టుకోవాలి: తుప్పు పట్టింది, బూజు పట్టింది. మెడ పట్టేసిందన్నా ఆ భావమే.

పానా:
ఆ తేడా పనిలోనూ ఉంది. ఉత్త బిగువైతే పొడుగు పిడితో తీరిపోతుంది. ఈ బోల్టును సుమారు 40 న్యూటన్ మీటర్లకు (తిప్పే బలానికి కొలత) బిగిస్తారు. అంత బలం రావాలంటే 10 సెం.మీ. ఎలెన్ కీ (గుంటలో దూర్చి తిప్పే ఆరుమూలల కమ్మీ) మీద దాదాపు 40 కిలోల బరువు మోపాలి, 40 సెం.మీ. పిడి మీదైతే 10 కిలోలు చాలు. పొట్టి కీతో కుస్తీ పడితే కీ ఒరిగి మూలలు అరిగిపోతాయి. ముందు బోల్టు తల గుంటలోని మట్టిని సూదితో గీకి, 8 మి.మీ. కీని సుత్తితో తట్టి అడుగుదాకా దించాలి. బయటి తల ఉన్న రకానికి 14 మి.మీ. ఆరుమూలల సాకెట్. పన్నెండు మూలలది వద్దు, జారుతుంది. చెయ్యి జారినా చక్రం పళ్లు చేతికి గీరుకోకుండా చెయిన్‌ను పెద్ద చక్రం మీదే ఉంచండి.

తుప్పు పట్టేసినదైతే చొచ్చుకుపోయే నూనె పోసి రాత్రంతా వదిలేయాలి. సైకిల్‌ను పక్కకు పడుకోబెడితేనే నూనె తల కిందికి దిగుతుంది. తర్వాత తల మీద నాలుగు చిన్న దెబ్బలు, ఆపైన పావు చుట్టు కూడా కాకుండా కొంచెం బిగించి, వదిలి, మళ్లీ బిగించి…

ధాతువు:
అచ్చంగా పట్టువిడుపులు!

తప్పొప్పులు:
క్రాంకును వేడి చేయమని కూడా ఉంది మరి?

పానా:
బోల్టు మరలు ఉండేది ఉక్కు ఇరుసులో, అల్యూమినియం క్రాంకులో కాదు. క్రాంకు వేడెక్కితే మరలకు ఒరిగేది తక్కువ. వేడి పనికొచ్చేది రెండో పట్టుకు. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, వాలుగా చెక్కిన నలుపలకల ఇరుసును కరిచిపట్టిన క్రాంకు కొంచెం వదులవుతుంది. అక్కడ ‘కరిచిపట్టిన’ అనే రాయండి, బోల్టు మాట వాడకండి. దాన్ని లాగడానికి పుల్లర్ కావాలి, అది క్రాంకు మరల్లో దిగి ఇరుసును నొక్కుతూ క్రాంకును బయటికి లాగుతుంది. పుల్లర్ పెట్టే ముందు బోల్టు కింది వాషర్ వచ్చిందో లేదో చూడాలి. అది లోపలే ఉండిపోతే పుల్లర్ దాన్నే నొక్కుతుంది, క్రాంకులోని 22 మి.మీ. మరలు ఊడి చేతికొస్తాయి. పుల్లర్‌ను చేత్తోనే చివరిదాకా తిప్పాలి, రెండు చుట్లకే ఆపి లాగినా ఇదే గతి.

తప్పొప్పులు:
‘తల తెగిన బోల్టు మొండెం’ అనడం అతి అవుతుందా?

ధాతువు:
తల ఉన్నదానికి మొండెం ఉండదూ? ఉంచేయండి.

పానా:
తల గుంట గుండ్రమైపోతే కొంచెం పెద్ద టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్‌ను కొట్టి దించి తిప్పుతారు. అదీ జారితే తలను డ్రిల్‌తో తీసేయడమే. తల పోగానే బోల్టును లాగిపట్టిన బిగువు పోతుంది. క్రాంకు తీశాక మొండెం పైకి కాస్త కనిపిస్తే పట్టుకారుకు తరచు సులువుగానే లొంగుతుంది.

తప్పొప్పులు:
ఎడమ బోల్టు ఎడమ మర, అంటే సవ్యంగా తిప్పితే ఊడేది, అని ఒక వాక్యం ఉంది.

పానా:
కొట్టేయండి. ఎడమ మర ఉండేది ఎడమ పెడల్‌కు. క్రాంకు బోల్టులు రెండువైపులా కుడి మరే, ఎదురుగా నిలబడి అపసవ్యంగా తిప్పితే ఊడతాయి. ఆ వాక్యం నమ్మినవాళ్లు విప్పుతున్నాం అనుకుంటూ మరింత బిగిస్తారు.

తప్పొప్పులు:
అప్పుడు ‘బిగుసుకుపోయింది’ సరైన మాటే అవుతుందన్నమాట.