అప్‌డేట్: ఒళ్లంతా నొప్పులు, రిపోర్టులన్నీ నార్మల్ అని అడిగాను కదా

మీరు చెప్పినట్టే హన్మకొండలో రుమటాలజిస్ట్‌కు (కీళ్లు, కండరాల నొప్పుల డాక్టర్) చూపించుకున్నా. థైరాయిడ్, విటమిన్ డి మళ్లీ చూసి ఫైబ్రోమయాల్జియా అన్నారు, ఒళ్లంతా నొప్పులుండే జబ్బు. కీళ్లు అరగలేదట, నరాల వ్యవస్థే నొప్పిని పెంచి చూపిస్తుందట, అందుకే ఇన్నాళ్లూ వేయించుకున్న నొప్పి సూదులు పని చేయలేదు. రాత్రిపూట తక్కువ డోసు అమిట్రిప్టిలిన్ అనే మందు ఇచ్చారు. నోరు ఎండుతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది, కానీ నిద్ర పడుతోంది, నిద్ర పట్టిన మర్నాడు నొప్పి నిజంగానే తక్కువ. మందుకన్నా నడకే ఎక్కువ పనిచేసింది నాకైతే. భద్రకాళి బండ్ (చెరువు కట్ట) మీద కొంచెం కొంచెంగా పెంచుతున్నా, బాగుంది కదా అని ఒకేసారి ఇల్లంతా కడిగితే మాత్రం మర్నాడు మంచమే. అత్తమ్మ ఇంకా "రిపోర్టు మంచిగనే ఉంది గదా" అంటది. పూర్తిగా తగ్గలేదు. అవసరమైతే డులోక్సెటిన్ అనే మందు మొదలుపెడదామన్నారు, వాడినవాళ్లుంటే దాంతో వచ్చే వికారం ఎన్నాళ్లుందో చెప్పండి.