ఓడి ఇంటికి వచ్చిన పిల్లలు: పాఠశాల ఆటల పోటీలు నిజంగా ఏం నేర్పుతున్నాయి?

సైనిక్‌పురి అమ్మ:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న జరిగిన అంతర పాఠశాలల పోటీలలో 4×100 మీటర్ల రిలేలో తనది ఆఖరి లెగ్. అప్పటిదాకా అందరికంటే ముందున్న జట్టు, మూడో అమ్మాయి చేతి నుంచి తన చేతికి రావలసిన బ్యాటన్ ట్రాక్ మీద పడిపోవడంతో చిట్టచివరన నిలిచింది. ఇంటికి వచ్చాక ఏడవలేదు. బూట్లు అటక మీద పడేసి, ఇక పరుగెత్తనని చెప్పింది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మాత్రం తప్పు ఎవరిదన్న వాదన అర్ధరాత్రి దాకా నడిచింది. గెలుపోటములను సమానంగా తీసుకోవడం ఆటలే నేర్పుతాయని మనమంతా అంటూ ఉంటాం కదా, మీ పిల్లలు నిజంగా ఏం నేర్చుకున్నారో చెప్పండి. ఓడి వచ్చిన రోజున పిల్లలతో మాట్లాడాలా, వారి మానాన వారిని వదిలేయాలా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

ఉప్పల్ నాన్న:
అందరూ ఓటమి గురించే బెంగ పెట్టుకుంటారు గానీ, మా ఇంట్లో చిక్కు తెచ్చిపెట్టింది గెలుపే. మా వాడు అండర్-14 కబడ్డీలో ఉత్తమ రైడర్‌గా కప్పు తెచ్చుకున్నాడు. పాఠశాల గేటుకు ఫ్లెక్సీ కట్టారు, అసెంబ్లీలో శాలువా కప్పారు. అప్పటి నుంచి బోనస్ గీత తొక్కి ఒక్క పాయింటుతో వెనక్కి రావడం వాడికి నామోషీ అయిపోయింది. ప్రతి రైడ్‌లోనూ ముగ్గురిని తాకి రావాలని వెళ్లి దొరికిపోయేవాడు. వాడిని మార్చినవి మా మాటలు కావు. కోచ్ గారు వాడిని రైడింగ్ మాన్పించి కార్నర్‌లో డిఫెండర్‌గా నిలబెట్టారు. పక్కవాడి చెయ్యి పట్టుకుని, వాడు కదిలినప్పుడే తానూ కదలాలన్న సంగతి అక్కడ తెలిసింది.

విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు:
ప్రభుత్వ పాఠశాలల జట్లను జింఖానా మైదానానికీ, లాల్ బహదూర్ స్టేడియానికీ తీసుకెళ్లడంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కనుక రిలే గురించి నా మాట నమ్మవచ్చు. బ్యాటన్ పడినంత మాత్రాన పోటీ అయిపోదు, తీసుకుని పరుగు కొనసాగించవచ్చు. మార్పిడి 30 మీటర్ల జోన్ లోపల జరగాలి. అక్కడ లెక్కలోకి వచ్చేది బ్యాటన్ ఉన్న చోటే గానీ పిల్లల కాళ్లున్న చోటు కాదు. అందుకునే పిల్ల వెనక్కి చూడకుండా పరుగెత్తుతుంది కాబట్టి, ఆ అరచేతిలో బ్యాటన్ గట్టిగా పెట్టేదాకా బాధ్యత ఇచ్చేవారిదే.

బోయిన్‌పల్లి అమ్మ:
మా అమ్మాయి వాళ్ల పాఠశాల జట్టులో మూడో లెగ్ పరుగెత్తుతుంది. మీ ఆఖరి వాక్యం చదివి నాకు చాలా కోపం వచ్చింది. అందుకునే పిల్ల తొందరపడి ముందే బయలుదేరితే, వెనకున్న పిల్ల ఎంత చెయ్యి చాచినా అందదు. ఒక తల్లి తన కూతురి బాధ చెప్పుకుంటే, మీరు ఆ నేరాన్ని తీసుకెళ్లి ఇంకో పిల్ల మెడకు చుట్టారు. ఆ వాట్సాప్ గ్రూపు చేసిన పనికీ దీనికీ తేడా ఏమిటి?

విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు:
నేను చెప్పింది పద్ధతి గురించి, పిల్ల గురించి కాదు. ఆ తొందరపాటు లేకుండా ఉండేందుకే ట్రాక్ మీద గుర్తు పెట్టుకుంటారు. వచ్చే అమ్మాయి ఆ గుర్తు దాటిన క్షణంలో ముందున్న అమ్మాయి కదలాలి. మైదానం ముఖం చూడనివారు నాకు నేర్పనక్కర్లేదు.

బోయిన్‌పల్లి అమ్మ:
నేను కళాశాల జట్టులో వాలీబాల్ ఆడినదాన్ని. మైదానం ముఖం చూడలేదని మీకెవరు చెప్పారు?

నిజాంపేట వాసి:
గుర్తు పెట్టుకోవడానికి ముందు ట్రాక్ అంటూ ఉండాలి కదండీ. మా పిల్లల పాఠశాల ఐదంతస్తుల భవనంలో నడుస్తోంది, ఉన్న ఖాళీ జాగాలో బస్సులు నిలుపుతారు, ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకుంటారు.

మౌలాలి క్రికెట్ అభిమాని:
మా అబ్బాయి క్యాచ్ వదిలేసి వచ్చిన రోజున నేను ఉపన్యాసం ఇవ్వలేదు, మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్ గురించి చెప్పాను. 2025 జూలైలో లార్డ్స్‌లో ఇంగ్లండ్ చేతిలో భారత్ 22 పరుగుల తేడాతో ఓడినప్పుడు ఆఖరి వికెట్ అతడిదే. బ్యాట్‌తో ఆపిన బంతే దొర్లుకుంటూ వెళ్లి వికెట్లను తాకింది. ఆ తర్వాత ఓవల్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ ఇచ్చిన క్యాచ్ పట్టి సిరాజ్ బౌండరీ తాడు తొక్కాడు, బ్రూక్ సెంచరీ చేశాడు. మరునాడు ఆఖరి వికెట్ తీసి 6 పరుగుల తేడాతో గెలిపించిందీ అతడే.

తార్నాక పాఠకురాలు:
సిరాజ్, సింధు మన ఊరివారు కావడం గర్వకారణమే, కానీ వారిని చూపించి పిల్లలను ఓదార్చడం సరికాదని నా అభిప్రాయం. సింధు 2017 బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఒకుహర చేతిలో 110 నిమిషాలు పోరాడి ఓడింది, 2018 ఫైనల్లో మారిన్ చేతిలో ఓడింది, 2019లో అదే ఒకుహరను 21-7, 21-7తో ఓడించింది. అయితే ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఓడి ఇంటికి వస్తే, ఓటమి రుచి తెలిసిన మనుషులు ఆ ఇంట్లో ఉన్నారు. మన ఇళ్లలో చాలామందికి తెలిసినవి ర్యాంకులే.

మల్కాజిగిరి తండ్రి:
మీరంతా న్యాయమైన ఓటమి గురించి మాట్లాడుతున్నారు. మా వాడు అండర్-14 షాట్‌పుట్‌లో ఓడింది, గడ్డం గీసుకుని వచ్చిన కుర్రవాడి చేతిలో. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేసే పద్ధతి ఉన్నా, మా పోటీలలో చూసింది కాగితం మీది పుట్టిన తేదీని మాత్రమే. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని, మన తేదీ కూడా మార్చుకోవచ్చా నాన్నా అని అడిగాడు. కుదరదని గట్టిగానే చెప్పాను, కానీ వాడు ఆ రోజు నేర్చుకున్నది దూరం విసరడం కాదు. పిల్లలకు ఓర్పు నేర్పమని మనకు చెప్పే పెద్దలు ముందు ఈ సంగతి చూడాలి.

తార్నాక పాఠకురాలు:
సైనిక్‌పురి అమ్మ గారి రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఆ పూట ఆట ఊసెత్తకుండా అన్నం పెట్టండి. పిల్ల తానుగా మొదలుపెట్టినప్పుడు, సలహా ఇవ్వకుండా మొత్తం వినండి. మా పిల్లలిద్దరి విషయంలోనూ ఫలించింది అదే.

విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు:
సైనిక్‌పురి అమ్మా, ఒక్క మాట అడుగుతాను. సాధారణంగా మొదటి అమ్మాయి కుడి చేత్తో, రెండో అమ్మాయి ఎడమతో, మూడో అమ్మాయి మళ్లీ కుడితో బ్యాటన్ పట్టుకుంటారు కాబట్టి, ఆఖరి అమ్మాయి ఎడమ చెయ్యి చాచాలి. మీ అమ్మాయికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

సైనిక్‌పురి అమ్మ:
ఇప్పుడే అడిగాను మాస్టారూ. ఎవరూ చెప్పలేదట, తను కుడి చెయ్యి చాచిందట. జట్టును ఎంపిక చేసింది పోటీకి ముందురోజే కాబట్టి నలుగురూ కలిసి బ్యాటన్ పట్టుకుని ఒక్కసారి కూడా పరుగెత్తలేదని చెప్పింది. బోయిన్‌పల్లి అమ్మ గారూ, ఆ మూడో అమ్మాయి వాళ్లమ్మకు ఈ సంగతి నేనే ఫోన్ చేసి చెబుతాను. తప్పు వెతుకుతున్న ఆ గ్రూపులోనూ రాస్తాను, వచ్చే పోటీలకు జట్టును ఎప్పుడు ఎంపిక చేస్తారో, సాధన ఎక్కడ చేయిస్తారో చెప్పమని పాఠశాలకు ఉత్తరం కూడా ఇస్తాను.