సమస్య: “నిప్పు కంచెను రక్షించె నీటి నుండి”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో; పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. నీటికి ఆరిపోయే నిప్పే ఇక్కడ నీటినుండి కాపాడాలి. ఒక్క మనవి: గణాలు, యతి (పాదం మొదటి అక్షరంతో పాదం మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) కుదిరితే చాలదు. మీరు చెప్పిన ఉపాయంతో పాత కర్రకంచె నిజంగా నిలవాలి.

సరుగుడుతోట (బాపట్ల):
మా ఇసుక నేలల్లో సరుగుడు గుంజలే దిక్కు.

పాతు గుంజల మొదలును పైన కాల్చి
బొగ్గు పొరమీద వేడిగా పూసి తారు
నాట, వానల తడిసియు నానవయ్యె;
నిప్పు కంచెను రక్షించె నీటి నుండి!

నిర్వాహకుడు:
రెండో పాదమే పద్యానికి ప్రాణం. బొ–పూ యతి హాయిగా పడింది. తారు లేకుంటే ఈ పూరణ ఒప్పుకునేవాణ్ణి కాదు. కాల్చితే వచ్చేది పలచని బొగ్గు పొరే. కర్ర బీటవారితే ఆ సందులోంచి నీరు తిన్నగా లోపలికి దిగుతుంది. తారు కూడా బాగా ఎండిన గుంజకే పూయాలి. పచ్చిదానికి పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక అక్కడే కుళ్ళబెడుతుంది. పూత నేలకు జానెడు పైదాకా రావాలి. పాత గుంజ పీకి చూడండి: చాలాసార్లు అడుగు ముక్క గట్టిగానే ఉంటుంది, నేలమట్టం దగ్గర మాత్రం వేళ్ళతో నలిపితే పొడైపోతుంది. కుళ్ళు పుట్టించే బూజుకు నీరూ గాలీ రెండూ కావాలి, అవి కలిసి దొరికేది అక్కడే.

గోదారిగట్టు:
తీగ లల్లిన కంచెపై తేమ నిలిచె
దొండ పాదును తప్పింప తోటమాలి
మెల్లమెల్లగ నారెను, మింటనున్న
నిప్పు కంచెను రక్షించె నీటి నుండి.

నిర్వాహకుడు:
సూర్యుణ్ణి తెచ్చారు, భేష్! ‘ఆరెను’కు కర్త అయిన ‘తేమ’ రెండు పాదాల వెనక ఉండిపోయింది, అన్వయానికి కాస్త వెతుక్కోవాలి. విషయం మాత్రం అక్షరాలా నిజం. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే బూజు పెరగదు. తీగలు, ఆకుచెత్త, కంచెకు ఎగదోసిన మట్టి తీసేస్తే సగం పని అయినట్టే. పైసా ఖర్చు లేదు.

కొత్తకలం (నల్లగొండ):
కుళ్ళు మేరకు కోయించి పైకి నెత్తి
రాతి గుంజకు బిగియించె రాక మున్నె
వాన, మా మేస్త్రి; నీతిలో వన్నెకెక్కు
నిప్పు కంచెను రక్షించె నీటి నుండి.

నిర్వాహకుడు:
‘నిప్పులాంటి మనిషి’ని పట్టుకొచ్చారు, ఈ విరుపు నాకు బాగా నచ్చింది. మొదటి పాదంలో కు–పై యతి చెల్లదు. ‘కొయ్య నెత్తి’ అనండి: యతీ కుదురుతుంది, దేన్ని ఎత్తాడో కూడా తెలుస్తుంది. ‘కుళ్ళు మేరకు’ అన్నది కూడా కొంచెం తక్కువే. కుళ్ళు కంటికి కనబడేదానికన్నా పైకి పాకి ఉంటుంది; చాకు మొనతో పొడుస్తూ పోయి, గట్టి కర్ర తగిలాక ఇంకా పైన కోయాలి.

కొత్తకలం:
సవరించానండీ. మా వైపు రాతి కడీలు దొరుకుతాయి కాబట్టి ఆ ఆలోచన వచ్చింది. పాత గుంజ చుట్టూ కాంక్రీటు పోస్తే సరిపోదా?

నిర్వాహకుడు:
కర్ర ఎండి ముడుచుకుంటే కాంక్రీటుకూ దానికీ మధ్య సందు పడుతుంది. వాన నీరు గిన్నెలో నిలిచినట్టు అందులో నిలుస్తుంది. పోయక తప్పకపోతే అడుగున కంకర వేసి, పైభాగం బయటికి వాలుగా తీర్చాలి. మీ పద్యంలో మేస్త్రి చేసిందే మేలు: కొయ్య నేలకు బెత్తెడు పైన ఆగాలి, బోల్టులు జింకు పూతవి కావాలి.

గుంజ పైకొన మీద ఇంకా ఎవరూ రాయలేదు. ఏటవాలుగా కోయకపోతే అదీ నీరు తాగుతుంది. ఆదివారం దాకా గడువుంది, ఎవరైనా ఎత్తుకోండి.