వెలుగు తగ్గితే నీళ్లలో ఐరన్ ఉన్నట్టేనా?

తార్నాక_స్కాలర్:
బెంజీన్ రింగుల్లేవు, వరుసగా డబుల్ బాండ్లూ లేవు, అయినా యూవీ దీపం కింద నీలంగా వెలిగే పాలిమర్ల మీద మా ల్యాబ్‌లో రోజూ గొడవే. అలాంటిదే అయిన, అమైన్ గుంపులు (నైట్రోజన్ ఉన్న భాగాలు) నిండిన పాలీఇథిలీనిమైన్‌లో ఫెర్రిక్ అయాన్ (నీళ్లలో కరిగిన ఐరన్ రూపం) కలిపితే వెలుగు పడిపోతుంది. దీన్ని మూసీ నీళ్లలో ఐరన్ పట్టే సెన్సర్ అనొచ్చా?

ఉప్పల్_అక్క:
ఇంత మాత్రానికే అనకూడదు తమ్ముడూ. వెలుగు నిజమే. 2001లో హాంకాంగ్‌లో బెన్ జాంగ్ టాంగ్ బృందం చూపిన గుంపు కడితే వెలిగే అణువుల్లో రింగులైనా ఉన్నాయి, ఇక్కడ నైట్రోజన్, ఆక్సిజన్‌ల లోన్ పెయిర్లే (బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంటలే) దగ్గరికి చేరి ఒకదానితో ఒకటి కలుస్తాయి, గొలుసు బిగుసుకుని కదలడం తగ్గుతుంది, అందుకే పల్చటి ద్రావణంలో కనపడని వెలుగు చిక్కబడితే కనిపిస్తుంది. స్టార్చ్, సెల్యులోజ్ కూడా ఇలాగే వెలుగుతాయి. నా అభ్యంతరం సెన్సర్ అనే మాట మీదే. ఫెర్రిక్ అయాన్ 300–400 నానోమీటర్ల కాంతిని తనే మింగుతుంది, మీ దీపం కాంతి 365 నానోమీటర్లు. పాలిమర్‌కి అందాల్సిన కాంతి దారిలోనే ఆగిపోతే వెలుగు తగ్గక ఏం చేస్తుంది? పేలుడు పదార్థమైన పిక్రిక్ ఆమ్లాన్ని ఇలా పట్టబోయినా ఇదే తంటా.

పటాన్‌చెరు_కెమ్:
అక్కా, కాంతిని మింగడం మీదే పనిచేసే సెన్సర్లూ ఉన్నాయి కదా. చవక, నీళ్లలో కరుగుతుంది, ఆర్గానిక్ సాల్వెంట్ అక్కర్లేదు. పల్లెల్లో బోరు నీళ్లు చూడ్డానికి ఇంతకంటే ఏం కావాలి?

ఉప్పల్_అక్క:
చవకే, ఒప్పుకుంటాను. కానీ మింగేది ఐరనే అని ఎలా తెలుస్తుంది? ఆకులు కుళ్లిన నీళ్లలోని హ్యూమిక్ పదార్థం ఆ కాంతిని మింగుతుంది, పైగా తనే నీలంగా వెలుగుతుంది, అంటే ఒకేసారి తగ్గిస్తుంది, పెంచుతుంది కూడా. కాపర్ అయితే పాలిమర్‌లోని అమైన్లను గట్టిగా పట్టుకుని తన వంతు వెలుగు తగ్గిస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన అందమైన గ్రాఫ్ చూసి ఊళ్లో ఒక తల్లికి ఈ నీళ్లు తాగొచ్చని చెప్పలేం కదా, నా బాధంతా అదే.

తార్నాక_స్కాలర్:
మరి ఏం చేస్తే ఒప్పుకుంటారు?

ఉప్పల్_అక్క:
ముందు అబ్సార్బెన్స్ (ద్రావణం ఎంత కాంతి మింగుతుందో) కొలిచి, మింగిన కాంతి మేరకు సరిచేసి, అప్పటికీ వెలుగు తగ్గుతోందేమో చూడు. లైఫ్‌టైమ్ (వెలుగు ఆరడానికి పట్టే సమయం) కూడా తియ్యి, అది మారకపోతే ఐరన్ వచ్చి పాలిమర్‌ను ఢీకొని ఆర్పడం కాదని తేలుతుంది, అంతవరకే. ఒక్క వెలుగును నమ్ముకోకుండా, ఐరన్ కలిసినా మారని రెండో రంగు వెలుగుతో నిష్పత్తి చూసేలా మార్చు. చివరగా మూసీ శాంపిల్‌లో తెలిసినంత ఐరన్ కలిపి, దాన్నే ఐసీపీ (లోహాలను కచ్చితంగా కొలిచే ల్యాబ్ యంత్రం) మీద కూడా పెట్టి, రెండు అంకెలూ ఇక్కడ వెయ్యి.