ఏడాది దాటినా రెండు కిలోల దగ్గరే ఆగిన పిల్లి: జబ్బా, ఒంటి తీరే అంతా?

ప్రశ్న:
షెల్టర్ నుంచి దత్తత తెచ్చుకున్న ఆడ పిల్లి అండి. కాగితాల్లో వయసు 14 నెలలు అని ఉంది, బరువు 2.1 కిలోలు. బాగా తింటుంది, ఆడుతుంది. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ రెండూ నాలుగో నెలలోనే అయ్యాయని రాసి ఉంది. చూసినవాళ్లు ఐదు నెలల పిల్ల అనుకుంటున్నారు. చిన్నప్పుడే ఆపరేషన్ చేయడం వల్ల ఆగిపోయిందా? తిండి పెంచితే ఎదుగుతుందా?

జవాబు:
ఆపరేషన్‌కీ దీనికీ సంబంధం లేదండి. నిజానికి తొందరగా ఆపరేషన్ అయిన పిల్లుల్లో ఎముకల చివర ఉండే ఎదుగుదల పొరలు ఆలస్యంగా మూసుకుంటాయి. అందువల్ల కాళ్లు కాస్త పొడుగయ్యే అవకాశమే ఉంది.

జవాబు:
ముందు వయసు తేల్చుకోండి. కాగితాల్లో రాసేది చాలాసార్లు అంచనాయే. పళ్లు చూడండి. మూడున్నర, నాలుగు నెలలకు ముందుపళ్లు మారతాయి, ఐదు నెలల ప్రాంతంలో కోరలు. ఆరేడు నెలలకల్లా శాశ్వత దంతాలు ముప్ఫై వచ్చేస్తాయి. పాలకోర పక్కనే కొత్త కోర మొలుస్తూ కనబడితే వయసు ఐదారు నెలలే అయి ఉండొచ్చు. 14 నెలలు నిజమై ఉండి కూడా పాలపళ్లే ఉంటే థైరాయిడ్ లాంటి హార్మోను లోపాన్ని అనుమానించాలి.

తర్వాత, అది పొట్టిదా, బక్కదా అన్నది చూడాలి. తూకం ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు. రెండు చేతులతో పక్కటెముకలు తడమండి. పలచని కొవ్వు కింద అవి చేతికి తగులుతూ, పైనుంచి చూస్తే నడుము కనబడితే ఆ చట్రానికి తగిన కండ ఉన్నట్టే. వెన్నుపూసలు, తుంటి ఎముకలు పొడుచుకొస్తుంటే తిన్నది ఒంటికి పట్టడం లేదని అర్థం. ఆడ పిల్లి మూడు కిలోలలోపు ఉండటం మామూలే. సింగపురా లాంటి జాతిలో రెండు కిలోలూ వింత కాదు. ఏ జాతీ కాని పిల్లికి మాత్రం 2.1 తక్కువే, ఒకసారి పరీక్ష చేయించాలి.

జవాబు:
షెల్టర్లకు చేరే పిల్లులు ఎదగకపోవడానికి తరచుగా కనబడే కారణం పసితనంలో పోషణకు తగిలిన దెబ్బ. సుమారు 100 గ్రాములతో పుట్టిన పిల్ల రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. నాలుగైదు నెలల దాకా నెలకు దాదాపు 450 గ్రాముల లెక్క వేసుకోవచ్చు. తల్లికి పాలు చాలకపోయినా, పిల్లను తొందరగా విడదీసినా, ఫ్లీలనే దూకే చిన్న పురుగులు రక్తం పీల్చి రక్తహీనత తెచ్చినా ఈ వేగం పడిపోతుంది. పది వారాల పిల్లకు కిలో బరువుకు రోజుకు సుమారు 200 కిలోకేలరీలు కావాలి. పది నెలలకు 80 చాలు. అంటే ఆకలి నష్టం ఎక్కువగా జరిగేది ఆ తొలి నెలల్లోనే.

నులిపురుగుల మందు విషయంలో చాలామంది పొరబడుతున్నారు. గుండ్రటి నులిపురుగుల పిల్లలు తల్లిపాల ద్వారానే లోపలికి వస్తాయి. పైరాంటెల్ అనే మందు పేగులో ఉన్నవాటినే చంపుతుంది, ఒంట్లో తిరుగుతున్నవి తర్వాత పేగుకు చేరతాయి. అందుకే రెండో వారం నుంచి రెండు వారాలకోసారి మళ్లీ మళ్లీ వేయాలి. ఒక్క డోసు సరిపోదు. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనబడితే అవి టేప్‌వార్మ్ (బద్దె పురుగు) ముక్కలు. వాటికి పైరాంటెల్ పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ కావాలి. జియార్డియా అనే పేగు పరాన్నజీవి రోజూ మలంలో కనబడదు కాబట్టి మూడు రోజుల నమూనాలు ఇవ్వండి.

ఇంకొకటి, ఉత్త మాంసంతో పెంచిన పిల్లలు. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. లోటు పూడ్చుకోవడానికి శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాగుతుంది. ఎముకలు పలచబడి వంగుతాయి, చిన్న గెంతుకే విరుగుతాయి. పిల్ల కదలడానికి ఇష్టపడదు. కుక్కల ఆహారం కూడా పనికిరాదు, అందులో పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం సరిపడా ఉంటుందన్న భరోసా లేదు.

ప్రశ్న అడిగినవారు:
పళ్లన్నీ మారాయండి. పక్కటెముకలు మీరు చెప్పినట్టే ఉన్నాయి, తలా కాళ్లూ ఒంటికి తగ్గట్టే. కాకపోతే అన్నం తిన్నాక ఒక్కోసారి చొంగ కారుతుంది, కాసేపు మత్తుగా పడుకుంటుంది. కళ్లు రాగి రంగు.

జవాబు:
ఇది వదలకండి. చొంగ, తిన్నాక మత్తు, రాగి కళ్లు, చిన్న ఒళ్లు కలిసి కనబడితే మొదట చూడాల్సింది కాలేయాన్ని దాటేసే రక్తనాళం, అంటే పోర్టోసిస్టమిక్ షంట్. పేగు నుంచి వచ్చే రక్తం కాలేయంలో శుద్ధి కాకుండా నేరుగా ఒంట్లోకి పోతుంది. అమ్మోనియా మెదడుకు చేరుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. కొన్ని పిల్లులకు ఫిట్స్ కూడా వస్తాయి. రాగి కళ్లు ఆరోగ్యంగా ఉన్న పిల్లులకూ ఉంటాయి కాబట్టి వాటిని ఒంటరిగా లెక్కలోకి తీసుకోకండి.

డాక్టరును బైల్ యాసిడ్ (రక్తంలో పిత్త ఆమ్లాల) పరీక్ష అడగండి. పరగడుపున ఒక నమూనా, తినిపించిన రెండు గంటలకు మరొకటి. ఫలితం మామూలుగా లేకపోతే అల్ట్రాసౌండ్ లేదా సీటీ స్కాన్ తీస్తారు. అదే రోజు థైరాయిడ్, ఫీలైన్ లుకేమియా (పిల్లులకు వచ్చే వైరస్ జబ్బు), మూత్రపిండాల పరీక్షలు కూడా చేయించండి. ఎఫ్‌ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) పరీక్ష ఆరు నెలలలోపు పాజిటివ్ వచ్చి ఉంటే, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల కావచ్చు, అది మళ్లీ చేయాలి.

అప్పటిదాకా తిండిని రోజుకు నాలుగైదు చిన్న భాగాలుగా పెట్టండి. మీ అంతట మీరు ప్రోటీన్ తగ్గించకండి, పిల్లికి అది తప్పనిసరి. వారానికోసారి, ఒకే వేళకు, 10 గ్రాముల తేడా చూపే తూకంలో తూచి రాసుకోండి. తిండి పెంచితే ఎదుగుతుందా అన్నారు కదా: ఎక్స్‌రేలో ఎదుగుదల పొరలు మూసుకుపోయి ఉంటే అదనపు తిండి కొవ్వే అవుతుంది, ఎముక కాదు.

పళ్ల శుభ్రతకో మరో పనికో మత్తుమందు ఇస్తామంటే ఈ ఫలితాలు వచ్చేదాకా ఆగమని చెప్పండి. షంట్ ఉన్న కాలేయం మత్తును ఆలస్యంగా కరిగిస్తుంది, మోతాదు మార్చాలి.