ఫైనల్ ఫాంటసీ 14: హైడెలిన్ మన హీరో మనసును కూడా పట్టేసిందా?

స్పాయిలర్లున్నాయి, ఈ ఆట ఎక్స్‌పాన్షన్ ఎండ్‌వాకర్ (2021) పూర్తి చేయనివాళ్లు చదవకండి.

మనం ఆడే హీరోకు దారి చూపే దేవత హైడెలిన్, హీరోను తన భక్తుడిగా మార్చేసిందా అని వారం నుంచి అనుమానం బుర్ర తొలిచేస్తోంది. దీని ముందు ఎక్స్‌పాన్షన్ షాడోబ్రింగర్స్‌లో విలన్ ఎమెట్‌సెల్క్ గోడ బొమ్మల ముందు నిలబడి, చీకటి దేవుడు జోడియార్క్‌లాగే హైడెలిన్ కూడా ప్రైమలే (జనం ప్రార్థనలతో పిలిస్తే పుట్టే దైవం) అంటాడు. ప్రైమల్ టెంపర్ చేస్తే మనిషి ఇష్టం పోయి దాని భక్తుడైపోతాడు. మొదట్లో ఇఫ్రిట్ అనే ప్రైమల్ మంట తాకగానే, అప్పటిదాకా వణికిపోయిన బందీలు దాన్నే కొలవడం మొదలుపెడతారు కదా. పక్కనే ఉన్న మన హీరోకు ఏమీ కాదు. హీరోకున్న ఎకో అనే ప్రత్యేక శక్తి కాపాడిందంటారు.

సరే, కానీ "విను, అనుభూతి చెందు, ఆలోచించు" అంటూ హీరోను పిలిచిందే హైడెలిన్. అప్పటి నుంచి ఎవరు ఏ పని చెప్పినా తల ఊపేయడమే! (డైలాగ్ ఆప్షన్ ఏది నొక్కినా కథ మారదు, అది వేరే ఏడుపు.)

ఆటలో పాత సీన్లు మళ్లీ చూపించే, సత్రం గదిలోని పుస్తకం తెరిచి, గోడ బొమ్మల సీన్, హైడెలిన్‌తో పోరుకు ముందూ వెనకా సీన్లు రెండేసి సార్లు చూశాను. ఎల్పిస్ అనే చోట వెనట్ (హైడెలిన్ అవ్వకముందు ఆమె పేరు) ఎంత ఆప్యాయంగా మాట్లాడినా అనుమానం తీరలేదు. ఫ్రెండ్స్‌ను అడిగితే "లైట్ తీస్కో" అన్నారు.

దీనికి వ్యతిరేకంగా నాకు దొరికింది ఒక్కటే: హైడెలిన్ హీరోకిచ్చిన కాంతి ఆశీర్వాదాన్ని మిడ్‌గార్డ్‌సోర్మ్ అనే డ్రాగన్ తీసేశాక కూడా హీరో తీరు మారలేదు. కానీ ఆశీర్వాదం పోతే టెంపరింగ్ కూడా పోతుందని ఏముంది?

హైడెలిన్ హీరోను టెంపర్ చేయలేదని ఆటలోనే ఏదైనా పాత్ర నేరుగా చెప్పే సీన్ ఉందా, ఉంటే ఏ క్వెస్ట్‌లో?