సోరియాసిస్‌కు హోమియో మందు మొదలుపెట్టాక మచ్చలు పెరిగాయి: ఇది మందు ప్రభావమా, ఆయింట్‌మెంట్ ఆపిన ఫలితమా?

నాకు 46 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా మోచేతులు, మోకాళ్లు, తల మీద సోరియాసిస్ ఉంది. బయాప్సీలో నిర్ధారణ అయింది. చర్మవైద్యులు రాసిన క్లోబెటసాల్ 0.05 శాతం అనే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసినన్నాళ్లూ మచ్చలు అణగడం, మానితే తిరిగి రావడంతో విసిగి, ఏడు వారాల క్రితం హోమియో వైద్యుణ్ణి సంప్రదించాను. ఆయన సలహాపై ఆయింట్‌మెంట్‌ను ఒక్కసారిగా ఆపేసి, మొదట సల్ఫర్ 200 ఒక మోతాదు, తర్వాత గ్రాఫైటిస్ 30 ఉదయం, రాత్రి నాలుగేసి గుళికలు వేసుకుంటున్నాను. కాఫీ, పచ్చి ఉల్లి కూడా మానేశాను.

మూడో వారం నుంచి రూపాయి బిళ్లంత ఉన్న మచ్చలు అరచేయంత అయ్యాయి. తెల్లవారేసరికి దుప్పటి మీద వెండిరంగు పొట్టు చేతితో ఊడ్చేంత రాలుతోంది, గోకితే నెత్తురు చుక్కలు కనబడుతున్నాయి. జ్వరం, కీళ్ల నొప్పులు, చీము లేవు. స్నానం కాగానే కొబ్బరినూనె, రాత్రిపూట పెట్రోలియం జెల్లీ రాసినా పగుళ్లు మెత్తబడ్డాయే తప్ప దురద తగ్గలేదు. హోమియో వైద్యుడు మాత్రం ఇది మందు పనిచేస్తున్న గుర్తేనంటున్నారు. కానీ స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌ను హఠాత్తుగా ఆపితే సోరియాసిస్ తిరగబెట్టడం తెలిసిన విషయమే కనుక, ఆ మాటతో నాకు సమాధానం కలగలేదు.

ఇలాగే ఆయింట్‌మెంట్ ఆపి హోమియోకు మారినవారికి ఈ ఉద్ధృతి ఎన్ని వారాల్లో తగ్గింది, లేక మళ్లీ చర్మవైద్యుల దగ్గరికే వెళ్లవలసి వచ్చిందా?